నివురు కింది నిప్పు: షుగర్ ఉన్నవాళ్ల రక్తనాళాల సంగతి

(నల్లగొండలో షుగర్ ఉన్నవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు ఒక డాక్టర్ చెప్పిన మాటల పాఠం. చివర కొన్ని ప్రశ్నలకు జవాబులు.)

అందరికీ నమస్తే. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఉన్నయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు గోడ పక్కన కూర్చోండి, కాళ్లు చాపుకోవచ్చు.

షుగర్ ఉన్న మనిషిని "ఎట్లుంది?" అని అడిగితే ఒక నంబరు చెప్తరు. "పొద్దున పరిగడుపున 140 ఉండె" అంటరు. ఆ నంబరు కావాల్సిందే. కానీ షుగర్‌తోని కాలి వేలు తీసేసిన మనిషి, డయాలసిస్‌కు పోయే మనిషి, గుండెపోటు వచ్చిన మనిషి, చూపు మసకబారిన మనిషి, ఈ నలుగురినీ ఒక్క తాన కూర్చోబెట్టి చూస్తే అందరికీ చెడింది ఒకటే. రక్తనాళం గోడ. చక్కెర రక్తంలో ఉంటది, దెబ్బ మాత్రం ఆ రక్తం పారే గోడకు తగుల్తది. ఇయ్యాల ఆ గోడ గురించే మాట్లాడుకుందాం.

రక్తనాళం అంటే బోరుకు వేసే పైపు లెక్క అనుకుంటం. పైపుకు ప్రాణం లేదు, నాళం గోడకు ఉన్నది. లోపలి పొర ఒకే ఒక్క కణం మందం ఉంటది, దాన్ని ఎండోథీలియం అంటరు. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తది. ఆ వాయువుతోనే నాళం సడలుతది, బీపీ అదుపులో ఉంటది, రక్తం గడ్డలు గోడకు అతుక్కోవు. ఇంత చిన్న పొర ఇంత పని చేస్తదని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చిన్రు.

చక్కెర ఎక్కువైతే ఈ పొరకు ఏమైతది? పాకం చేతికి అంటితే ఎట్ల పట్టుకుంటదో, రక్తంలో చక్కెర శరీరంలోని మాంసకృత్తులకు అట్ల అంటుకుంటది. మీరు చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అదే. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటిందో లెక్కపెడ్తరు. ఎర్రకణం సుమారు 120 రోజులకు చచ్చిపోయి కొత్తది వస్తది, అందుకే ఆ పరీక్ష మూడు నెలల లెక్క చెప్తది. నాళం గోడలో ఉండే కొల్లాజెన్ అనే నారకు కూడా చక్కెర ఇట్లనే అంటుతది. ఆ నార మాత్రం 120 రోజులకు మారదు, ఏండ్లకేండ్లు ఉంటది. అంటిన చక్కెర దానితోనే ఉండిపోయి గోడ బిరుసెక్కుతది. షుగర్ వచ్చిన తొలి రోజుల్లోనే గట్టిగ పట్టుకోవాలె అని మేము పోరుపెట్టేది ఇందుకే.

ఇగ రెండో సంగతి ఇన్‌ఫ్లమేషన్. దీన్ని తెలుగులో వాపు అంటరు, తాపం అంటరు. వాపు అనగానే అందరూ కాళ్లు చూసుకుంటరు. ఇది ఆ వాపు కాదమ్మా, కంటికి కనపడదు, నొప్పి ఉండదు. ముల్లు గుచ్చుకున్న చోట ఎర్రగయ్యి, వేడెక్కి, చీము పడ్తది చూడండి, అది తెల్ల రక్తకణాల పని. వచ్చిన శత్రువును కొట్టి, నాలుగు రోజుల్లో సద్దుమణుగుతయి. నాళం గోడలో మాత్రం శత్రువు పోడు. చెడ్డ కొవ్వు, అంటే ఎల్‌డీఎల్, దెబ్బతిన్న పొర సందుల్లోంచి గోడలోకి దూరుతది. తెల్లకణాలు వచ్చి దాన్ని మింగుతయి, మింగి అక్కడనే ఉబ్బి ఉండిపోతయి. ఇంకిన్ని కణాలను పిలుస్తయి. నివురుగప్పిన నిప్పు లెక్క ఏండ్ల తరబడి రగుల్తనే ఉంటది. ఒకరోజు ఆ కొవ్వు గడ్డ మీది పొర పగులుతది, దాని మీద రక్తం గడ్డకడ్తది. గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం.

ఇది ఉత్త ఊహ కాదు. 2017లో కాంటోస్ అని ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. అంతకుముందే గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా మనుషులు అందులో ఉన్నరు. ఇన్‌ఫ్లమేషన్‌ను ఆపే ఒక సూదిమందు ఇచ్చిన్రు. అది కొలెస్ట్రాల్‌ను తగ్గించదు, బీపీని ముట్టదు. అయినా మళ్ల గుండెపోటు, పక్షవాతం వచ్చుడు సుమారు 15 శాతం తగ్గింది. అంటే నిప్పు నిజంగనే ఉన్నది, ఆర్పితే లాభం ఉన్నది. కానీ ఆ మందు తీసుకున్నవాళ్లలో ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగినయి. మందుతోని నిప్పు ఆర్పబోతే శరీరం కాపలా కూడా తగ్గుతది. అందుకే మొదలు చూడాల్సింది ఆ నిప్పుకు కట్టెలు ఎక్కడినుంచి వస్తున్నయో.

మొదటి కట్టె పొట్ట. తొడల మీద కొవ్వు, చర్మం కింద కొవ్వు అంత చెడ్డవి కావు. పేగుల చుట్టు, కాలేయంలో చేరే కొవ్వు ఊరికే ఉండదు, ఇన్‌ఫ్లమేషన్ పెంచే రసాయనాలను పొద్దుమాపు రక్తంలోకి వదుల్తది. మన దేశంల మనుషులు చూస్తే సన్నగ ఉంటరు, పొట్ట మాత్రం ముందుకు వస్తది. "నేను బక్కగనే ఉన్న కదా" అనుకోవద్దు. టేపు తీసుకొని, శ్వాస వదిలి, కింది పక్కటెముకకు, నడుము ఎముకకు నడుమ కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఎక్కువన్నట్టు. ప్యాంటు సైజు చూసి చెప్పొద్దు, ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటరు.

రెండోది నోరు. ఇది ఎవ్వరూ పట్టించుకోరు. పళ్లు తోముతుంటే చిగుళ్లలోంచి రక్తం వస్తుంటే, పళ్లు కదుల్తుంటే, నోటి వాసన వస్తుంటే అది చిగుళ్ల జబ్బు. చిగుళ్ల సందుల్లో మానని పుండు ఉన్నట్టే. అక్కడి నుంచి సూక్ష్మజీవులు, వాటి విషాలు రోజూ రక్తంలోకి పోతయి. చిగుళ్లను లోతుగ శుభ్రం చేయిస్తే హెచ్‌బీఏ1సీ 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గినట్టు చాలా పరిశోధనల్లో తేలింది. ఒక చిన్న గోలీ ఇచ్చినంత ఫాయిదా అన్నమాట. ఆరు నెలలకొకసారి పళ్ల డాక్టర్‌ను చూడండి. మన దిక్కు ఫ్లోరైడ్‌తోని పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు చాలామందికి ఉంటయి, అవి వేరు, చిగుళ్ల జబ్బు వేరు. "మా పళ్లు మొదటి నుంచి అంతే" అని చిగుళ్లను వదిలెయ్యొద్దు.

మూడోది కాలి వేళ్ల సందులు. నాటు వేసేటప్పుడు పొద్దంతా బురదలో ఉంటరు. వేళ్ల సందులు నాని, తెల్లగయ్యి, దురద పెడ్తది. ఆ పగుల్లోంచి సూక్ష్మజీవులు దూరి కాలు మోకాలి దాకా ఎర్రగ వాస్తది. మడి నుంచి వచ్చినంక కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో పాత కాటన్ బట్టతోని ఒత్తి తుడవండి. నూనె, వ్యాజిలిన్ పాదం మీద, మడమకు రాసుకోండి గని వేళ్ల సందుల్లో రాయొద్దు, తడి ఆడనే నిలుస్తది.

నాలుగోది బీడీ, సిగరెట్, గుట్కా, జర్దా. దీని మీద ఎక్కువ చెప్ప. షుగర్ ఉండి పొగ తాగే మనిషికి కాలి నాళాలు మూసుకుపోవుడు అందరికన్నా ఎక్కువ. "రోజుకు రెండే" అనే లెక్క గుండెకు పనిచెయ్యదు, కొద్ది పొగకు కూడా గోడ దెబ్బతింటది. మానేసిన రోజు నుంచే లాభం మొదలైతది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువ చెప్పదలచుకున్నది నొప్పి గోలీల గురించి. కొంచెం నిదానంగ వినండి.

మన జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తాగి పెరిగిన తరం ఉన్నది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలో నీళ్లు వస్తున్నా, ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత సులభంగ పోదు. నడుము వంగదు, మోకాళ్లు ముడుచుకోవు. వాళ్లకే షుగర్ కూడా ఉంటే ఏం చేస్తరు? దగ్గరి మందుల దుకాణానికి పోయి నొప్పి గోలీ తెచ్చుకుంటరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. కొందరు అన్నం తిన్నట్టు రోజూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటరు, ఏండ్ల తరబడి.

ఈ గోలీలను ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందులనే అంటరు. "మరి మంచిదే కదా, నిప్పు ఆరుతది కదా?" అని అడుగుతరు. ఆరదు. మోకాలి కీలులో వాపు తగ్గుతది గని నాళం గోడకు చెడుపు చేస్తది. ఎట్లంటే, నాళం లోపలి పొర ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థం తయారుచేసి రక్తం గడ్డకట్టకుండా చూస్తది. ఈ గోలీలు దాన్ని తగ్గిస్తయి. కిడ్నీలోకి రక్తం తీసుకపోయే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాన్ని కూడా ఆపుతయి. కిడ్నీకి రక్తం తగ్గుతది, ఉప్పు, నీళ్లు ఒంట్లో ఆగుతయి, బీపీ లేస్తది. వేసుకునే బీపీ గోలీ పనిచెయ్యదు. డాక్టర్ దగ్గరికి పోతే బీపీ పెరిగిందని ఇంకో గోలీ రాస్తరు, నొప్పి గోలీ సంగతి మీరు చెప్పరు, వాళ్లు అడగరు.

అన్నిటికన్నా ప్రమాదం మూడు కలిసినప్పుడు. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ గోలీ ఒకటి, ఉచ్చ ఎక్కువ పోయే గోలీ ఒకటి, మీద నొప్పి గోలీ. మన దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలు ఉంటది. పొలం కాడ చెమట పోసి, నీళ్లు సరిగ తాగక, ఈ మూడు మందులు కడుపులో ఉంటే కిడ్నీ నాలుగైదు రోజుల్లోనే దెబ్బతినొచ్చు. మీ బీపీ గోలీ పట్టీ మీద రెండు పేర్లు ఉన్నయా చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో రెండో పేరు ఉంటే అది ఉచ్చ పోయే మందే.

నొప్పికి మరి ఏం చెయ్యాలె? పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల గోలీ ఒకటి, అవసరమైతే ఆరు గంటలకు ఇంకొకటి. రోజు మొత్తంలో 3 గ్రాములు దాటొద్దు, తాగే అలవాటు ఉన్నవాళ్లు, కాలేయం బాగలేనివాళ్లు 2 గ్రాములు దాటొద్దు. మోకాలికి పైపూత జెల్ రాసుకోవచ్చు, అది రక్తంలోకి పోయేది తక్కువ. కుర్చీలో కూర్చొని కాలు ముందుకు చాపి, తొడ కండ బిగించి, 10 అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు, పొద్దున, మాపటికి. తొడ కండకు బలం వస్తే మోకాలి మీద బరువు తగ్గుతది. నాలుగైదు వారాలు చేస్తేగని తెల్వదు, మూడో రోజే ఆపేస్తరు, అందుకే "పనిచెయ్యలె" అంటరు. వేడి కాపడం పెట్టుకునేటప్పుడు పాదాలకు పెట్టొద్దు, మొద్దుబారిన కాలుకు కాలింది తెల్వదు.

పేరు లేని గోలీలు, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే గోలీలు, "ఒక్క సూదితోని నొప్పి మాయం" అనేవి అసలు వద్దు. వాటిల్లో స్టెరాయిడ్ ఉంటే షుగర్ రాత్రికి రాత్రి 300, 400 దాటుతది. కీలులో సూది అవసరమైతే ఎముకల డాక్టర్ వేస్తరు, ఆ వారం షుగర్ ఎక్కువసార్లు చూసుకోవాలె.

తిండి సంగతికి వద్దాం. జొన్న రొట్టె తింటే షుగర్ రాదు అనే మాట పాలమూరు దిక్కైనా నల్లగొండ దిక్కైనా వింటం. జొన్న మంచిదే, పీచు ఉన్నది. కానీ 50 గ్రాముల పిండితోని చేసిన ఒక్క రొట్టెలో సుమారు 35 గ్రాముల పిండిపదార్థం ఉంటది. ఒక కప్పు అన్నం, అంటే వండినది 150 గ్రాములు, అందులో 42 గ్రాముల దాకా ఉంటది. రెండు రొట్టెలు తిని, మీద ఒక కప్పు మజ్జిగన్నం కలుపుకుంటే దాదాపు మూడు కప్పుల అన్నం తిన్నంత అయితది. రొట్టె తింటే రొట్టె, అన్నం తింటే అన్నం, ఏదో ఒకటి. తైదల అంబలి కూడా అంతే, పిండి మెత్తగ విసిరి పలచగ ఉడికిస్తే తొందరగ అరిగి చక్కెర తొందరగ లేస్తది. రవ్వగ విసిరి గట్క చేసుకుంటే మేలు, దాంట్లో పెరుగు, ఉల్లిగడ్డ వేసుకోండి.

పళ్లెంలో సగం కూరగాయలు ఉండాలె. పావు వంతు పప్పు, గుడ్డు, చేప ఏదైనా. మిగిలిన పావు వంతే అన్నం. ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం తింటే అదే అన్నానికి చక్కెర తక్కువ లేస్తది. అన్నం ముద్ద కలిపి తినే అలవాటు మనది, కష్టమే, కనీసం మొదట ఒక గిన్నెడు కూర ఉత్తగ తినండి. బీరకాయ, సోరకాయ, కాకరకాయ, బెండకాయ. ఆకుకూరల్లో గంగవాయిలి కూరను చిన్నచూపు చూడొద్దు. అందులో ఒమేగా-3 రకం కొవ్వు ఉన్నది, ఆకుకూరల్లో ఇది అరుదు. పప్పులో వేసుకోండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, కిడ్నీ బాగలేనివాళ్లు మాత్రం గంగవాయిలి, పాలకూర తగ్గించాలె, వాటిల్లో రాళ్లు కట్టే ఆక్సలేట్ ఎక్కువ. పల్లీలు రోజుకు ఒక గుప్పెడు, 30 గ్రాములు, ఉడకబెట్టినవో వేయించినవో తినొచ్చు. బూజు పట్టినవి, చేదెక్కినవి పారెయ్యండి.

బత్తాయి మన జిల్లా పంట, తినొచ్చా అని అడుగుతరు. ఒక కాయ ఒలిచి తొనలతోని తినండి. రసం తాగొద్దు. ఒక గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండుతరు, పిప్పి అంతా పారబోస్తరు, చక్కెర ఒక్కటే కడుపులోకి పోతది.

నూనె మనిషికి నెలకు అర లీటరు. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. ఆ లెక్కన రోజుకు మూడు టీస్పూన్లు వస్తది. పల్లి నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె ఏదైనా సరే, మార్చి మార్చి వాడుకోండి. ఒకసారి కాగిన నూనెలో మళ్లమళ్ల వేయించొద్దు, మిర్చి బండి మీద నల్లగ నురగ వచ్చే నూనె నిండా చెడిన కొవ్వు ఉంటది. డాల్డా లాంటి వాటిల్లో ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడ్డ రకం కొవ్వు 2 శాతం దాటొద్దని 2022 జనవరి నుంచి నియమం ఉన్నది, అయినా బేకరీ తిండి తగ్గించుడే మంచిది.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, ఒక టీస్పూన్ సమానంగ. నలుగురికి కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలె. మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తది లెక్కపెట్టండి. అందులో తొక్కు, అప్పడాలు, బయట తిండి కలపలే. మామిడికాయ తొక్కు రోజూ అన్నంలో కలుపుకునే అలవాటు బీపీకి చెడుపు. తక్కువ సోడియం ఉప్పు అని దుకాణంలో దొరుకుతది, దాంట్లో పొటాషియం ఉంటది. కిడ్నీ బాగలేనివాళ్లు, టెల్మిసార్టన్ లాంటివి వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండ అది వాడొద్దు, పొటాషియం పెరిగితే గుండె ఆగొచ్చు.

కల్లు గురించి ఒక్క మాట. షుగర్ గోలీలు, ముఖ్యంగ గ్లిమెపిరైడ్, లేకుంటే ఇన్సులిన్ తీసుకొని, పరిగడుపున కల్లు తాగి పడుకుంటే రాత్రికి షుగర్ పడిపోవచ్చు. దాంట్లో మత్తుమందు కలిస్తే ఆ మనిషి చెమటలు పట్టి సోయి తప్పినా ఇంటివాళ్లు నిషా అనుకొని పడుకోబెడ్తరు. తెల్లారేసరికి లేవరు. అట్ల సోయి తప్పినోళ్ల షుగర్ వెంటనే చూడాలె, నోట్లో ఏదీ పోయొద్దు, 108కి ఫోన్ చెయ్యాలె.

నడక మీద పెద్దగ చెప్పనక్కర లేదు, వారానికి 150 నిమిషాలు. పొద్దున ఒక్కసారి గంట నడిచి మిగతా పొద్దంతా కూర్చునే కన్నా, మూడు పూటలా తిన్నంక 10 నుంచి 15 నిమిషాలు నడిస్తే అన్నం తెచ్చే చక్కెరను కండలు అప్పుడే తీసుకుంటయి. ఫ్లోరైడ్‌తోని నడుము పట్టేసినవాళ్లు కుర్చీలో కూర్చొని మడమలు లేపి దించండి, తిన్నంక 10 నిమిషాలు. లీటరు నీళ్ల బాటిల్ రెండు చేతుల్లో పట్టుకొని భుజం దాకా లేపండి. కంటి వెనక పొరలో రక్తం కారుతదని చెప్పినవాళ్లు ఊపిరి బిగపట్టి బరువులు ఎత్తొద్దు.

మందుల విషయం. 2003లో డెన్మార్క్ నుంచి స్టెనో-2 అనే పరిశోధన వచ్చింది. 160 మందే, కానీ చాలా విలువైనది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, నడక, పొగ మానుడు అన్నీ ఒకేసారి గట్టిగ పట్టుకున్నరు. దాదాపు ఎనిమిదేండ్ల తర్వాత రెండో గుంపులో గుండె, నాళాల జబ్బులు సగానికి తగ్గినయి. ఇరవై ఒక్క ఏండ్ల తర్వాత చూస్తే వాళ్లు సగటున ఎనిమిదేండ్ల దాకా ఎక్కువ బతికిన్రు. ఒక్క షుగర్ తగ్గించి మిగతావి వదిలేస్తే ఈ లాభం రాదు.

అందుకే ఈ నంబర్లు రాసిపెట్టుకోండి. హెచ్‌బీఏ1సీ 7 లోపు, అంటే రోజుల సగటు 154 దగ్గర. పెద్దవయసువాళ్లకు, షుగర్ తరచు పడిపోయేవాళ్లకు 8 ఉన్నా సరే. 2008లో అకార్డ్ అనే పరిశోధనలో షుగర్‌ను మరీ కిందికి, మరీ వేగంగ దించిన గుంపులో మరణాలు పెరిగినయి. బీపీ 130/80 లోపు. ఎల్‌డీఎల్ చాలామందికి 70 లోపు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు 55 లోపు.

ఎల్‌డీఎల్ కోసం స్టాటిన్ గోలీ ఇస్తరు, అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. ఇది కొవ్వు తగ్గిస్తది, గోడలో నిప్పును కూడా తగ్గిస్తది. జరిగే తప్పు ఒకటే, రిపోర్టు మంచిగ వచ్చిందని ఆపేస్తరు. గోలీ వేసుకుంటున్నందుకే మంచిగ వచ్చింది. ఆపితే రెండు నెలల్లో మళ్ల మొదటికొస్తది. "షుగర్ పెంచుతదట" అంటరు, కొద్దిగ పెంచుతది, నిజమే. గుండెపోటు ఆపే లాభం దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

షుగర్ గోలీల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం గుండెకు, కిడ్నీకి కూడా మేలు చేస్తయి. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ అయిపోయినంక ధరలు బాగ తగ్గినయి, మీకు సరిపడ్తదా అని డాక్టర్‌ను అడగండి. ఈ రకం గోలీ ఉచ్చలో చక్కెరను పంపుతది, అందుకే మూత్రం పోసిన ప్రతిసారి నీళ్లతో కడుక్కొని తుడుచుకోవాలె, లేకుంటే దురద, ఫంగస్ వస్తది. జ్వరం, వాంతులు, విరేచనాలై తిండి పోనప్పుడు, నిండు ఉపవాసం రోజు ఇది ఆపాలె. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆపాలె. ఇన్సులిన్ మాత్రం జ్వరం వచ్చినా సొంతంగ పూర్తిగ ఆపొద్దు. ఆస్పిరిన్ షుగర్ ఉన్న అందరికీ అవసరం లేదు. గుండెపోటు వచ్చినవాళ్లకు కావాలె, మిగతావాళ్లకు కడుపులో రక్తస్రావం ముప్పు ఆ లాభాన్ని మింగేస్తది.

పరీక్షల్లో అందరూ మరిచేది ఉచ్చలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. ఏడాదికొకసారి, పొద్దున మొదటి ఉచ్చ ఇవ్వండి. 30 లోపు మంచిది. 30 దాటితే కిడ్నీ నాళాల గోడ కారుతున్నదన్నట్టు, ఆ గోడ కారుతుంటే గుండె నాళాలు కూడా బాగలేవని అర్థం. జ్వరం, మూత్రంలో మంట ఉన్నప్పుడు చేయించొద్దు, తప్పు చూపిస్తది. ఒకసారి ఎక్కువొస్తే కంగారు పడకండి, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లు ఎక్కువొస్తేనే నిజంగ ఎక్కువన్నట్టు. కంటి వెనక పొర పరీక్ష కూడా ఏడాదికొకసారి.

బీపీ ఇంట్లో చూసుకునేటప్పుడు చాయ్, బీడీ తాగి అర గంట కావాలె. అయిదు నిమిషాలు కూర్చోవాలె, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, పట్టీ అంగీ మీద కాకుండ చర్మానికి కట్టాలె. మాట్లాడొద్దు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెంటి సగటు రాసుకోండి.

ఇగ చిట్టీల మీద వచ్చిన ప్రశ్నలు చదువుత.

"ఇరవై ఏండ్ల నుంచి షుగర్ ఉంది. ఇప్పుడు జాగ్రత్త పడితే గోడ బాగుపడ్తదా?" పెద్దాయనా, అంటిన చక్కెర అంతా ఊడిరాదు. గడ్డ మాయం కాదు. కానీ గడ్డ మీది పొర గట్టిపడ్తది, పగిలే ముప్పు తగ్గుతది. ఈ రోజు తగ్గిన బీపీకి లాభం ఈ నెల నుంచే.

"హెచ్ఎస్-సీఆర్‌పీ పరీక్ష చేయించాలా?" అది ఇన్‌ఫ్లమేషన్ కొలిచే రక్తపరీక్ష. 1 లోపు తక్కువ ముప్పు, 3 దాటితే ఎక్కువ. జలుబున్నా, పన్ను నొప్పున్నా, కాలికి పుండున్నా పెరుగుతది, 10 దాటిందంటే ముందు ఇన్‌ఫెక్షన్ వెతకాలె. ప్రతి నెల చేయించి పైసలు పాడు చేసుకోవద్దు. స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని సందేహం ఉన్నప్పుడు డాక్టర్ ఒకసారి అడుగుతరు.

"పసుపు గోలీలు మంచియేనా?" కూరలో పసుపు వేసుకోండి. మిరియాల సారం కలిపిన పసుపు గోలీలతోని కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నరు, రక్తం పలచబడే మందు వేసుకునేవాళ్లకు ఇంకా ప్రమాదం.

"నడుస్తుంటే పిక్క పట్టేస్తది, నిలబడితే తగ్గుతది." అమ్మా, ఇది నరాల నొప్పి అని వదిలెయ్యకండి. కాలికి రక్తం చాలకపోతే ఇట్లనే ఉంటది. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతోని భాగిస్తరు. 0.9 కన్నా తక్కువ వస్తే నాళం మూసుకుపోతున్నట్టు. షుగర్ ఉన్నవాళ్లలో గోడ బిరుసెక్కి 1.4 దాటి కూడా వస్తది, అది మంచిది అనుకోవద్దు, అప్పుడు కాలి వేలి దగ్గర చూడాలె. ఈ వారంలోనే చూపించుకోండి.

"చెరువుగట్టు జాతరకు చెప్పుల్లేకుండ నడిచి మొక్కు తీర్చుకోవాలె, ఎట్ల?" మొక్కు మీది, కాదన. కాళ్లు మొద్దుబారినవాళ్లు ఎండెక్కక ముందే, చల్లటి పూట పోండి. మధ్యాహ్నం తారు రోడ్డు, బండరాయి కాలితే మీకు తెల్వదు, బొబ్బ లేచినంక సాక్స్‌కు తడి అంటితేగని తెల్వదు. మందం సాక్స్ వేసుకొని నడవండి. ఇంటికి వచ్చినంక అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకోండి, లేకుంటే పిల్లలను చూడమనండి. బొబ్బను చిదమొద్దు. రెండు రోజుల్లో తగ్గకపోతే, వేలు నల్లబడితే అదే రోజు దవాఖానకు పోవాలె.

ఇంకా చిట్టీలు ఉన్నయి, అవి పాదాల పరీక్ష చేస్తూ చెప్త. పక్క గదిలో రెండు బల్లలు వేసినం. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారంతోని అరికాలు మీద తాకిస్తం, కాలు మొద్దుబారిందా అని చూసేందుకు, కండ్లు మూసుకొని తగిలినప్పుడు చెప్పాలె. తర్వాత పాదం మీద నాడి చూస్తం. సాక్స్ విప్పి, చెప్పులు వరుసగ పెట్టి రండి. ముందు పిక్క పట్టేస్తుందని రాసిన అమ్మ రావాలె.